బి.ఏ. లాటుకు ఎంత పాట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటుంది మరి. వరంగల్‌లో ఒక ఆడపిల్ల మూడేళ్లు బి.ఏ. చదివి, కోపం రాకుండా బయటపడిందంటే ఆమెకు గుడి కట్టాలి. ఎవరింటికి పోయినా "ఏం చదువుతున్నవు బిడ్డా" అని అడుగుతారు. "బి.ఏ." అంటాను. ఎదుటివాళ్ల మొహంలో, ఎవరో పోయారన్న కబురు విన్నప్పుడు వచ్చే మర్యాద ఒకటి వస్తుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎంసెట్‌ల ర్యాంకు రాలేదా?" అంటారు. నేను అసలు ఎంసెట్ రాయనే లేదు. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు. ర్యాంకు రాక సిగ్గుపడి అబద్ధమాడుతోందనుకుంటారు.

మా బాపుది మిర్చి యార్డులో అడ్తి దుకాణం. అడ్తి అంటే పెద్ద విద్యేమీ కాదు. రైతు తెచ్చిన సరుకును కొనేవాళ్లకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం. పక్క దుకాణం మా పెద్దబాపుది. ఇద్దరి దుకాణాల మధ్య గోడ ఒకటే, ఇద్దరి మధ్య పోటీకి మాత్రం గోడలేమీ లేవు.

యార్డు సంగతి తెలియనివాళ్లకు జెండా పాట అంటే ఏమిటో చెప్పాలి. సీజన్‌లో రోజూ పొద్దున జెండా ఎగరేసి, ఆ రోజు వచ్చిన సరుకంతటిలో అన్నిటికన్నా బాగున్న ఒక్క కుప్పను ఎంచి, దాని మీద మొదటి వేలం పాడతారు. అదే జెండా పాట. ఆ ధరే పొద్దుటి నుంచి అందరి ఫోన్లలో తిరుగుతుంది, తెల్లారి పేపర్లో పడుతుంది. అది చూసి పల్లెల నుంచి రైతులు బస్తాలు వేసుకుని వస్తారు. వాళ్ల సరుకుకు మాత్రం అందులో సగమో, సగానికి కాస్త ఎక్కువో పలుకుతుంది. అప్పుడు లొల్లి. ఆ లొల్లిని చల్లబరచడమే మా బాపుకు రోజంతా పని. "అన్నా, అది జెండా పాటనే. ఆ ఒక్క కుప్పకే ఆ ధర. అందరికి అదే ఇస్తే మార్కెట్ ఉంటదా?" అని ముప్పై ఏళ్లుగా రైతుల భుజాల మీద చెయ్యి వేసి చెబుతూనే ఉన్నాడు.

అంత తెలివిగల మనిషి కాలేజీ ఫ్లెక్సీల ముందు మాత్రం పసిపిల్లవాడైపోతాడు. హనుమకొండ చౌరస్తా చుట్టూ ఏ స్తంభానికి చూసినా ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫ్లెక్సీ, దాని మీద నల్లకోటు వేసుకున్న ఒక పిల్లవాడి ఫోటో, పక్కన ఇంత లావు అక్షరాలతో ఏడాదికి ఇన్ని లక్షల ప్యాకేజీ అని. బాపు స్కూటర్ ఆపి మరీ చదివేవాడు. ఆ కాలేజీలో చదివిన వాళ్లందరికీ అదే వస్తుందనుకునేవాడు.

మధ్యాహ్నం వేలాలు అయ్యాక అడ్తి వ్యాపారులంతా యార్డు గేటు పక్కన టీ కొట్టు దగ్గర చేరతారు. అక్కడ రెండో మార్కెట్ నడుస్తుంది, అది పిల్లల మార్కెట్. మిర్చికి ఎన్ని రకాలున్నాయో పిల్లలకూ అన్ని రకాలు కట్టారు. కంప్యూటర్ల బి.టెక్. అంటే తేజ రకం, కళ్లు మూసుకుని కొనొచ్చు. సివిల్, మెకానికల్ అంటే పోయిన సంవత్సరం సరుకు. ఫార్మసీ పర్వాలేదు. బి.కాం. అంటే దుకాణంలో ఎట్లాగూ పనికొస్తుంది. బి.ఏ. అంటే తాలు. కుప్పలోంచి ఏరి పక్కన పడేసే రంగు పోయిన కాయలను తాలు అంటారు. ఈ వర్గీకరణ నాకు చెప్పింది మా పెద్దబాపే, నవ్వుతూ, మా ఇంట్లో కూర్చుని, మా అమ్మ చేసిన సర్వపిండి తింటూ. ఆయన చేతిలోంచి ప్లేటు లాక్కోవాలనిపించింది. పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను.

పెద్దబాపు మాట చెల్లడానికి కారణం ఉంది. వాళ్లబ్బాయి తేజ రకం. హైదరాబాద్‌లో పన్నెండు లక్షల ప్యాకేజీ అని చెప్పి, ఆ రోజు యార్డులో గుమస్తాల దగ్గర నుంచి హమాలీల దాకా అందరికీ మిఠాయి పంచాడు. అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర ఎవరి పిల్లల గురించి మాట్లాడినా ఆయన చివర్లో ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, అందరూ లెంపలేసుకున్నట్టు ఊరుకునేవాళ్లు. మా బాపును అడిగినప్పుడు "ఇంక పరీక్షలు కాలే", "ఇంక రిజల్ట్ రాలే" అని దాటేసేవాడు. రిజల్ట్ వచ్చి ఏడాదైన పరీక్షల గురించి కూడా అదే చెప్పాడు.

ఇంత అవమానం పడుతూ బి.ఏ. ఎందుకంటే, నాకు చరిత్ర ఇష్టం. కారణం అడిగితే పెద్దగా చెప్పలేను. మొదటి సంవత్సరంలో మా మేడం కోటకు తీసుకుపోయి, ఒక రాతి మీద పాత అంగడిలో ఏ సరుకుకు ఎంత సుంకమో చెక్కిన వరుసలు వేలితో చూపిస్తూ చదివింది. ఆ సంబరంలో ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఇంటికి వచ్చి బాపుకు చెబితే, ఆయన శ్రద్ధగా విని, "అప్పట్ల అడ్తి కమీషన్ ఎంత రాసిన్రు?" అని అడిగాడు. ఎం.ఏ. చరిత్ర చదవాలని, అలాంటి రాళ్లను నా అంతట నేను చదవగలగాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఫైనలియర్లో ఆ మాట బయటపెట్టాను. బాపు కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువుగా ఉండేది, తిరిగి అరవొచ్చు. ఆయన బేరం పెట్టాడు.

"చూడు బిడ్డా, నీ చదువుకు నేను అడ్డం కాదు. గని టీ కొట్టుకాడ నా ఇజ్జత్ పోతాంది. బి.ఏ.కు ఒక నౌకరి తే. నలుగుర్ల చెప్పుకునే నంబరు ఒక్కటి తెచ్చి నా చేతుల పెట్టు. అటెన్క ఎం.ఏ. చదువుకో, ఇంకేమన్న చదువుకో, నేను అడగ."

"తేకపోతే?"

"తేకపోతే కంప్యూటర్ కోర్సుల చేరు. అండ్ల జెర రేటుంది."

అమ్మ వంటింట్లోంచి "చెప్పుకునే నంబరంటే ఎంతనో అడుగు" అని కేకేసింది. అడిగాను. ఆయన చెప్పలేదు. వ్యాపారి కదా, తన ధర ముందు చెప్పడు.

అదే ఎండాకాలం మా కాలేజీలో జాబ్ మేళా పెట్టారు. శనివారం, యార్డుకు సెలవు. బాపు నాతో వస్తానన్నాడు. వద్దన్నాను. తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని, భుజాన తువ్వాల వేసుకుని స్కూటర్ దగ్గర నిలబడ్డాడు. "సరుకు యార్డులకు పోతాంటే అడ్తిదారు ఇంట్ల కూసుంటడా?" అన్నాడు. సరుకంటే నేను. 

కాలేజీ గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు: సంవత్సరానికి ఆరు లక్షల వరకు జీతం. బాపు అలవాటుగా ఆగి చదివాడు. నేను నాలుగడుగులు ముందుకుపోయి వెనక్కి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు. ఆరు లక్షలను చూడటం లేదు. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న "వరకు" అనే మాటను చూస్తున్నాడు.

"బిడ్డా, ఇది జెండా పాట గదా" అన్నాడు నెమ్మదిగా.

"మరేమనుకున్నవు ఇన్ని రోజులు?"

 చౌరస్తాలో చదివిన ఫ్లెక్సీలన్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేసుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

లోపల చెట్ల కింద టేబుళ్లు వేసి కంపెనీల వాళ్లు కూర్చున్నారు. బి.ఏ. అనగానే మొదటి టేబుల్ అతను "బండి ఉందా, ఊర్లు తిరుగుతరా" అన్నాడు. రెండో టేబుల్ ఆమె నా సర్టిఫికెట్లను చూడకుండానే చిరునవ్వు నవ్వి తిరిగి ఇచ్చింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి "ఎనీ డిగ్రీ" అని రాసిన టేబుల్ ఒకటి కనిపించింది. దాని ముందు లైను గ్రౌండ్ సగం దాకా ఉంది. నేను అందులో నిలబడ్డాను. ఊరుకుని నిలబడే మనిషైతే ఆయన మా బాపు ఎందుకవుతాడు? లైనులో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ఎవరేం చదివారో అడగడం మొదలుపెట్టాడు. యార్డులో బస్తా బస్తాకూ చెయ్యి పెట్టి కాయ చూసే అలవాటు మరి.

కాసేపటికి వచ్చి నా చెవిలో చెప్పాడు. "బి.టెక్. పిల్లలు పదిమంది ఉన్నరు. ఇద్దరు ఎంబీఏ. ఒక పిల్ల ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. తేజ, తాలు అన్ని ఒక్క కుప్పల్నే పోసిన్రు బిడ్డా."

ఆ గొంతులో సంతోషం లేదు. నాకే లోపల కొంచెం ఉంది, ఒప్పుకుంటున్నాను.

మా వంతు వచ్చింది. టేబుల్ వెనక ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల హెచ్ఆర్ అబ్బాయి. మెడలో టై, దాని మీద ఐడీ కార్డు, చెమటకు తడిసిన కాలరు. దవాఖానాల బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే పని అని, ఆఫీసు హనుమకొండలోనే అని, మధ్యాహ్నం రెండు నుంచి తొమ్మిది దాకా షిఫ్టు అని చెప్పి, నన్ను టైపు చేయించి చూశాడు. నాలుగు ప్రశ్నలడిగాడు. అంతా బాగానే ఉంది. జీతమెంతని నేను అడిగాను. "కంపెనీ పాలసీ ప్రకారం మేడం, అది తర్వాత చెప్తం" అన్నాడు.

ఆ మాటతో మా బాపు ముందుకు వంగాడు. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మిర్చిలోకి రాకముందు బాపు పశువుల అంగట్లో బేరాలు చేసేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. పదులా, వేలా అనేది పైకి అంటారు, ఎన్ని అనేది వేళ్లే చెబుతాయి. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ తెలియదు. అంగడి వదిలి ముప్పై ఏళ్లయినా ఆయనకు ఆ అలవాటు పోలేదు. మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీతో కూడా అలాగే బేరమాడాడు.

భుజం మీది తువ్వాల తీసి, ఆ అబ్బాయి కుడిచేతి మీద కప్పి, లోపల చెయ్యి పెట్టి వేళ్లు గట్టిగా పట్టుకుని, "పదుల్ల" అన్నాడు. నాలుగు వేళ్లు పట్టానని, అంటే నలభై వేలని తర్వాత నాకు చెప్పాడు.

ఆ అబ్బాయి అదిరిపడ్డాడు. నా వెనక లైనంతా మెడలు చాచింది. పక్క టేబుల్ దగ్గరున్న వాళ్ల మేనేజర్ కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. భూమి చీలితే బాగుండునని పుస్తకాల్లో రాస్తారే, నాకు అంత ఓపిక కూడా లేదు. స్కూటర్ తాళాలు లాక్కుని నేనొక్కదాన్నే వెళ్లిపోదామని చూశాను. తాళాలు ఆయన జేబులో ఉన్నాయి.

"బాపు, చెయ్యి తియ్" అన్నాను పళ్లు బిగించి.

అప్పుడు ఆ అబ్బాయి మొహం మారింది. భయం పోయి, చిన్న నవ్వు వచ్చింది. "ఏ అంగడి కాకా మీది?" అన్నాడు. "మాది వర్ధన్నపేట దిక్కు. మా తాత ఎడ్ల బేరానికి నన్ను ఎంబడి తీస్కపోయేది." అంటూనే తువ్వాల కింద తన చెయ్యి తిప్పి, బాపు వేలు పట్టుకున్నాడు. "పదుల్ల" అన్నాడు, తర్వాత పట్టు మార్చి "వేలల్ల" అన్నాడు.

బాపు మొహం పాలిపోయింది. తువ్వాల తీయకుండానే, పైకి ఒక్కటే ప్రశ్న అడిగాడు. "మరి నీది?"

ఆ అబ్బాయి మేనేజర్ వైపు ఒకసారి చూశాడు. ఆయన ఫోన్‌లో పడ్డాడు. మళ్లీ వేళ్లు కదిలాయి, ముందుకు వంగి బాపు చెవిలో కూడా ఏదో అన్నాడు. తువ్వాల కింద ఏం జరిగిందో నాకు కనిపించలేదు. బాపు మాత్రం ఆ చేతిని వెంటనే వదల్లేదు. బేరం అయిపోయినా కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "మంచిగుండు బిడ్డా" అని ఆ అబ్బాయితో అన్నాడు.

స్కూటర్ చౌరస్తా దాటింది. ఈసారి ఆయన ఫ్లెక్సీల వైపు చూడలేదు. నేనే ఆగలేక అడిగాను. "ఎంతన్నడు?"

"నీకు పన్నెండు వేలు."

"ఆయనకు?"

"పద్దెనిమిది." కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు. "బి.టెక్. చదివిండట. ఇంట్ల నలభై అని చెప్పిండట. నాకు చెప్పిండు గని వాళ్లింట్ల తెల్వదు."

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. ఉద్యోగం నాదే. పన్నెండు వేలు. నాకు సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు. పన్నెండు వేలు నలుగురిలో చెప్పుకునే నంబరు కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. పన్నెండు లక్షలు అన్న నోటి ముందు పన్నెండు వేలు అనడమంటే చావే. అమ్మ వేళ్ల మీద ఆటో కిరాయిలు లెక్కపెట్టి, "మిగిలినయి నీ కోపానికి మందులకు సరిపోతయి" అంది. బాపు అవుననలేదు, కాదనలేదు. రెండు రోజులు అన్నం తిని పడుకున్నాడు, లేచి యార్డుకు పోయాడు, అంతే.

ఎం.ఏ. ఎంట్రెన్స్‌కు ఫారం నింపడానికి ఆఖరు రోజు సోమవారం. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాను. నా ఓపిక అంతకన్నా ఎక్కువ సేపు నిలిచిన రోజు నా జీవితంలో లేదు. ఆటో ఎక్కి యార్డుకు పోయాను. అందరి ముందే అడిగేస్తానని, కాదంటే అందరి ముందే పోట్లాడతానని దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నది మొదటి వాక్యం. అది టీ కొట్టు మొత్తానికీ కలిపి.

గేటు దాటేసరికి వాళ్లంతా బెంచీల మీద ఉన్నారు. నా వైపు వీపు పెట్టి బాపు, ఆయన ఎదురుగా పెద్దబాపు, ఇంకా ఐదారుగురు. ఒకాయన తన కూతురి సంగతేదో ముగించి, "మరి మీ బిడ్డ ముచ్చటేంది? ఇంక రిజల్ట్ రాలేదా?" అన్నాడు. ఇద్దరు నవ్వారు. నా మొదటి వాక్యం గొంతు దాకా వచ్చింది.

బాపు సాసరు బెంచీ మీద పెట్టాడు.

"పన్నెండు వేలు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. "వారానికా?" అన్నాడు ఒకాయన.

"నెలకు. దవాఖాన బిల్లులు కంప్యూటర్ల ఎక్కించే పని. మధ్యానం రెండింటికి పోయి తొమ్మిదింటికి వస్తది. పొద్దుగాల ఎం.ఏ. చదువుకుంటది. చరిత్ర."

ముప్పై ఏళ్లలో మా బాపు ఆ బెంచీ మీద కూర్చుని ఒక్క అంకె కూడా తగ్గించి చెప్పి ఉండడు, నిజం చెప్పి ఉండడు. చెప్పాల్సింది చెప్పేసి మళ్లీ సాసరు తీసుకున్నాడు. టీ కొంచెం తెల్లబట్టల మీద పడింది. తుడుచుకోలేదు. నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. నాకు ఏడుపు వచ్చింది, అది కోపం వల్ల కాదు.

అందరూ అలవాటు ప్రకారం పెద్దబాపు గొంతు సవరించుకోవడం కోసం ఎదురుచూశారు. ఆయన సవరించుకోలేదు. గ్లాసు లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

"నెల నెలా పడ్తయా?" అన్నాడు చివరికి.

"పడ్తయట" అన్నాడు బాపు.

"మావోనికి మూడు నెలల సంది పడ్తలేవు." పెద్దబాపు ఆ మాట మా బాపుకే చెప్పాడు, ఇంకెవరూ లేనట్టు. "పోయిన నెల రూం ఖాళీ చేసి ఇంటికచ్చిండు. పైన రూంల ఉంటాండు. దినాం తలుపు పెట్టుకునే ఉంటాండు. మీ ఒదినె అన్నం పైకే తీస్కపోతాంది."

 కూతురి సంగతి గొప్పగా చెప్పిన ఆయన, "మా దానికి కూడ ఇంక జాయినింగ్ లెటర్ రాలే" అన్నాడు. ఇంకొకాయన తన కొడుకు చేసేది అన్నం డబ్బాలు ఇళ్లకు చేరవేసే పని అని, హైదరాబాద్‌లో ఉండటం మాత్రం నిజమేనని చెప్పాడు.

అప్పుడు పెద్దబాపు తలెత్తి నన్ను చూశాడు. ఎప్పటి నుంచి నిలబడ్డానో లెక్క కట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, ఆడ ఇంకొక జాగ ఉంటదా? బి.టెక్. చదివినోళ్లను తీసుకుంటరా?"

తాలు మాట విన్న రోజు నుంచి ఈయనకు చెప్పాల్సిన జవాబులు నేను వందరకాలుగా అల్లుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"తీసుకుంటరు పెద్దబాపు" అన్నాను. "అన్నను రేపు పొద్దుగాల మా ఇంటికి రమ్మను. నేనే ఎంబడి తీస్కపోత."